వీవో2 మ్యాక్స్ 61 నుంచి 57కి తగ్గింది, టైమింగ్ మాత్రం మెరుగైంది: ఏ రిపోర్టును నమ్మాలి?

తార్నాక ట్రాక్
సోమవారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. నేను తార్నాక ప్రాంతంలో దూరపు పరుగుల పిల్లలకు శిక్షణ ఇస్తుంటాను. నా దగ్గర 18 ఏళ్ల అమ్మాయి 5000 మీటర్లు పరుగెత్తుతోంది. జనవరిలో నగరంలోని ఒక ప్రయోగశాలలో మాస్కు పెట్టి, ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి చేసిన పరీక్షలో వీవో2 మ్యాక్స్ (ఒళ్లు నిమిషానికి వాడుకోగల గరిష్ఠ ఆక్సిజన్, కిలో బరువుకు మిల్లీలీటర్లలో) 61.2 వచ్చింది. జూలైలో వేరే చోట చేయిస్తే 57.0. ఈ మధ్యకాలంలోనే ఆమె 5000 టైమింగ్ 17:10 నుంచి 16:48కి దిగింది.

సమస్య ఏమిటంటే, ఆమె తిండికీ ప్రయాణాలకూ సాయం చేస్తామన్న ఒక సంస్థ రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని "సామర్థ్యం తగ్గుతున్న అమ్మాయికి ఎందుకు ఇవ్వాలి?" అని అడుగుతోంది. టైమింగ్ చూపిస్తే "అది ఆ రోజు వాతావరణం కావచ్చు, ఇది శాస్త్రం" అంటున్నారు. ఈ విషయం తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరా?

కేబీఆర్ ఉదయం
సోమవారం, రాత్రి 10:05

మాస్కులూ ప్రయోగశాలలూ ఎందుకండీ, మంచి వాచీ ఒకటి కట్టించండి. నేను రోజూ కేబీఆర్ పార్కు చుట్టూ పరుగెత్తుతాను. వాచీ నా వీవో2 మ్యాక్స్ 49 అని చూపిస్తోంది, వారం వారం గ్రాఫ్ కూడా గీస్తుంది.

పాత ఐదువేలు
సోమవారం, రాత్రి 10:31

కోచ్ గారూ, ఆ సంస్థవారిని ఒక్కటి అడగండి. పోటీలో పతకం ఇచ్చేది 57కా, 16:48కా? మా రోజుల్లో రైల్వే జట్టులో ఎవరికీ ఈ సంఖ్య తెలియదు. శివనాథ్ సింగ్ 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాలకు మారథాన్ ముగించారు. ఆ జాతీయ రికార్డు నాలుగు దశాబ్దాలకు పైగా చెక్కు చెదరలేదు. అంతకు రెండేళ్ల ముందు మాంట్రియల్ ఒలింపిక్స్‌లో 11వ స్థానం. ఆయన మూతికి మాస్కు తగిలించి 'మీకు ఇంత ఉంది, వెళ్లి పరుగెత్తండి' అని ఎవరైనా చెప్పారా? స్టాప్‌వాచీ అబద్ధమాడదు.

శ్వాసలెక్క
సోమవారం, రాత్రి 11:18

నేను ఈ పరీక్షలు చేసే పనిలోనే ఉన్నాను, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను.

ముందు టైమింగ్‌కూ ఈ సంఖ్యలకూ పొంతన ఉందేమో చూద్దాం. 5000 మీటర్లను మేటి పరుగువీరులు తమ వీవో2 మ్యాక్స్‌లో సుమారు 95, 96 శాతం దగ్గర పరుగెత్తుతారు. 17:10 అంటే నిమిషానికి 291 మీటర్లు. జనవరి సంఖ్య 61.2లో 96 శాతం 58.8. అంటే ఆమె కిలోమీటరుకు, కిలో శరీర బరువుకు దాదాపు 202 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఖర్చు చేసిందన్నమాట. జూలై లెక్కలో 16:48 అంటే నిమిషానికి 298 మీటర్లు, 57లో 96 శాతం 54.7. ఖర్చు 184కి పడిపోయింది.

అంటే రెండు రిపోర్టులూ నిజమైతే ఆరు నెలల్లో ఆమె రన్నింగ్ ఎకానమీ, అంటే ఒకే దూరాన్ని తక్కువ ఆక్సిజన్‌తో పరుగెత్తగల పొదుపు, ఎనిమిది శాతానికి పైగా మెరుగుపడాలి. బ్రిటన్ మారథానర్ పాలా రాడ్‌క్లిఫ్‌ను 1992 నుంచి 2003 దాకా ఏటా పరీక్షించిన శాస్త్రవేత్తలు ఆమె వీవో2 మ్యాక్స్ 70 దగ్గరే ఉండిపోయిందని, ఎకానమీ మాత్రం 15 శాతం మెరుగుపడిందని చూశారు. దానికి పదకొండేళ్లు పట్టింది. మీ అమ్మాయి అందులో సగానికి పైగా అర్ధ సంవత్సరంలో సాధించిందంటే నేను ముందు యంత్రాన్నే అనుమానిస్తాను.

పోటీలో ఆక్సిజన్ లేకుండా వచ్చే శక్తి కూడా కొంత కలుస్తుంది కనుక ఇది ఉజ్జాయింపు లెక్కే. అయినా ఇంత తేడాను అది వివరించలేదు.

రెండు రిపోర్టుల నుంచీ ఇవి చెప్పండి: ఆ రోజు తూచిన బరువు, పరీక్ష ట్రెడ్‌మిల్ మీదేనా సైకిల్ మీదా, ఎన్ని సెకన్ల సగటు తీసుకున్నారు, చివర్లో శ్వాస వాయువుల నిష్పత్తి (వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను వాడిన ఆక్సిజన్‌తో భాగిస్తే వచ్చేది) ఎంత, గుండె వేగం ఎంత. మొదటి పేజీలో పైన చిన్న అక్షరాల్లో గది వివరాలు ఉంటాయి, వాటినీ రాయండి. అందరూ ఆ పేజీని తిప్పేస్తారు.

కేబీఆర్ ఉదయం గారూ, వాచీ ఆక్సిజన్‌ను కొలవదు. మీ వేగానికి మీ గుండె ఎంత కొట్టుకుంటోందో చూసి, ఆ గీతను మీ గరిష్ఠ గుండె వేగం దాకా పొడిగించి అంచనా వేస్తుంది. గరిష్ఠ వేగాన్ని అది వయసును బట్టి ఊహిస్తే, మీది ఆ సగటుకు పది అటూ ఇటూ ఉంటే అంచనా అంతా జారిపోతుంది. మీ సంఖ్య పెరుగుతోందా తగ్గుతోందా అని మీరు చూసుకోవడానికి సరిపోతుంది. ఒక అమ్మాయి సాయం నిలిపే నిర్ణయానికి సరిపోదు.

సైకిల్ మణికొండ
మంగళవారం, ఉదయం 6:20

సైకిలా ట్రెడ్‌మిలా అన్నది చిన్న ప్రశ్న కాదు. పరుగువారిని సైకిల్ ఎక్కిస్తే సంఖ్య తగ్గుతుంది, ఐదు నుంచి పది శాతం తేడా మామూలే. తొడలు ముందే అలసిపోతాయి, గుండె పూర్తిగా నిండదు. మా సైకిల్ వాళ్లను ట్రెడ్‌మిల్ ఎక్కిస్తే ఆ తేడా చాలాసార్లు కనిపించనే కనిపించదు, కొందరికి సైకిల్ మీదే ఎక్కువ వస్తుంది. ఎవరి ఆటలో వారిని కొలవాలి.

ఇంకొకటి, కిలోకు ఇంత అని చెప్పే పద్ధతి బరువైన ఆటగాళ్లకు అన్యాయం చేస్తుంది. పడవ నడిపే రోయర్లు నిమిషానికి ఆరు లీటర్లు దాటుతారు, కిలోకు పంచితే మామూలుగా కనిపిస్తారు. వారి ఆటలో శరీరాన్ని నీరే మోస్తుంది కనుక వారు లీటర్లే చూసుకుంటారు.

నిర్వాహకుడు
మంగళవారం, ఉదయం 8:00

ప్రయోగశాలల పేర్లు, అమ్మాయి పేరు ఎవరూ ఇక్కడ రాయవద్దు. చర్చ కొనసాగించండి.

తార్నాక ట్రాక్
మంగళవారం, మధ్యాహ్నం 1:15

శ్వాసలెక్క గారూ, చాలా థ్యాంక్స్. రిపోర్టులు ముందు పెట్టుకుని రాస్తున్నాను.

జనవరి: ట్రెడ్‌మిల్, బరువు 47 కిలోలు, 30 సెకన్ల సగటు, శ్వాస నిష్పత్తి 1.14, గుండె వేగం 196. గది ఉష్ణోగ్రత 24, తేమ 50 శాతం, పీడనం 1013.

జూలై: ట్రెడ్‌మిల్, బరువు 49 కిలోలు, 30 సెకన్ల సగటు, శ్వాస నిష్పత్తి 1.12, గుండె వేగం 195. ఉష్ణోగ్రత 23, తేమ 58 శాతం, పీడనం 946.

రెండుసార్లూ అదే హాస్టల్ భోజనం, అదే ఉదయపు వేళ. బరువు పెరగడానికి కారణం ఉంది. ఫిబ్రవరి నుంచి వారానికి రెండు రోజులు బరువులతో వ్యాయామం చేయిస్తున్నాం, తిండి కూడా పెంచాం. అంతకుముందు ఆమె చాలా సన్నగా ఉండేది.

శ్వాసలెక్క
మంగళవారం, మధ్యాహ్నం 1:52

దొరికింది. 1013.

హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. ఇక్కడ గాలి పీడనం ఏ కాలంలోనూ 1013 హెక్టోపాస్కల్స్ ఉండదు, 950కి అటూ ఇటూ ఉంటుంది. 1013 అన్నది సముద్రమట్టం దగ్గరి ప్రామాణిక పీడనం. యంత్రంలో ఎవరూ మార్చకుండా వదిలేసిన సంఖ్య అయి ఉండాలి, లేదా చేత్తో అలా నమోదు చేసి ఉండాలి. జూలై రిపోర్టులో 946 ఉంది చూడండి, అది ఈ ఊరి గాలి.

ఇది ఎందుకు ముఖ్యమో చెబుతాను. మాస్కులోంచి వచ్చే గాలి ఎంత అన్నది యంత్రంలోని చిన్న టర్బైన్ తిరిగే వేగాన్ని బట్టి లీటర్లలో తెలుస్తుంది. కానీ ఒక లీటరు గాలిలో ఎన్ని అణువులు ఉన్నాయన్నది పీడనం, వేడి, తేమ మీద ఆధారపడుతుంది. హైదరాబాద్ లీటరులో విశాఖపట్నం లీటరుకంటే తక్కువ ఆక్సిజన్ ఉంటుంది. అందుకే ప్రపంచంలో ఎక్కడ కొలిచినా పోల్చుకోవడానికి వీలుగా ఆ గాలిని సున్నా డిగ్రీలు, 760 మిల్లీమీటర్ల పాదరస పీడనం, తేమ లేని స్థితికి మార్చి లెక్కిస్తారు. ఆ మార్పిడిలో గది పీడనం నేరుగా గుణకారంలోకి వస్తుంది.

1013 అంటే 760 మిల్లీమీటర్లు. ఊపిరిలోని నీటి ఆవిరికి 47 తీసేస్తే 713. జనవరిలో మన ఊరి పీడనం 953 అనుకుందాం, అంటే 715 మిల్లీమీటర్లు. అందులోంచి 47 పోతే 668. 713ను 668తో భాగిస్తే 1.067. అంటే యంత్రం ప్రతి ఊపిరినీ దాదాపు ఏడు శాతం ఎక్కువ చేసి చూపించింది. 61.2ను 1.067తో భాగించండి. 57.4 వస్తుంది.

ఇక బరువు. జనవరిలో 57.4ను 47 కిలోలతో గుణిస్తే నిమిషానికి 2.70 లీటర్లు. జూలైలో 57.0ను 49తో గుణిస్తే 2.79 లీటర్లు. అమ్మాయి ఆక్సిజన్ వాడకం తగ్గలేదు. కొలతలో పొరపాటు మేరకు అటూ ఇటూ అనుకున్నా నిలకడగా ఉంది, బహుశా కొంచెం పెరిగింది. నేను రాత్రి రాసిన లెక్క మళ్లీ వేస్తే కిలోమీటరు ఖర్చు 189 నుంచి 184కి తగ్గింది. మూడు శాతం లోపు. బరువులతో వ్యాయామం చేసిన 18 ఏళ్ల అమ్మాయికి ఇది నమ్మదగిన మెరుగుదల.

శ్వాస వాయువుల నిష్పత్తి 1.14 చూసి ఆ ప్రయోగశాలవారు అంతా సవ్యంగా ఉందనుకుని ఉంటారు. పీడనం తప్పు కార్బన్ డయాక్సైడ్‌నూ ఆక్సిజన్‌నూ ఒకే నిష్పత్తిలో పెంచుతుంది కనుక ఆ భాగహారంలో అది కనిపించదు. గుండె వేగంలోనూ కనిపించదు. అందుకే ఈ తప్పు ఇన్నాళ్లు దాక్కోగలిగింది.

కేబీఆర్ ఉదయం
మంగళవారం, మధ్యాహ్నం 2:10

ఒక్క నిమిషం. నా ఫోనులో వాతావరణం చూశాను. హైదరాబాద్ పీడనం 1006 అని ఉంది. మరి 950 ఎక్కడిది?

శ్వాసలెక్క
మంగళవారం, మధ్యాహ్నం 2:24

మంచి ప్రశ్న, చాలా ప్రయోగశాలల్లో కొత్తవారు సరిగ్గా ఇక్కడే జారుతారు. వాతావరణ పటాల కోసం అన్ని ఊళ్ల పీడనాన్నీ సముద్రమట్టానికి తగ్గట్టు మార్చి ప్రకటిస్తారు, లేకపోతే ఎత్తున ఉన్న ప్రతి ఊరూ తుఫాను కేంద్రంలా కనిపిస్తుంది. ఫోను చూపించేది ఆ మార్చిన సంఖ్య. యంత్రానికి కావలసింది గదిలో నిజంగా ఉన్న పీడనం. చాలా యంత్రాల్లో బారోమీటరు లోపలే ఉంటుంది, అది చూపించేదాన్ని ఫోనుతో పోల్చి 'సరిదిద్దితే' ఇలా అవుతుంది.

పాత ఐదువేలు
మంగళవారం, సాయంత్రం 4:40

నేను చెప్పిందే కదా చివరికి తేలింది. స్టాప్‌వాచీ సరైనదే, యంత్రమే తప్పు.

అయితే శ్వాసలెక్క గారూ, మీ లెక్కలో నాకూ ఒక సందేహం. ఎకానమీ బరువుల వ్యాయామం వల్ల మెరుగైందని అంత గట్టిగా ఎలా అంటారు? కోచ్ గారూ, 16:48 రోజు ఆ అమ్మాయి కాళ్లకు ఏమున్నాయి? ఇప్పుడు పిల్లలందరూ లోపల కార్బన్ పలక, కింద మెత్తని నురుగు ఉన్న స్పైక్స్ వేస్తున్నారు. అవి సెకన్లు ఇస్తాయి. 2024 నవంబరు నుంచి ట్రాక్ మీద అడుగు మందం 20 మిల్లీమీటర్లు మించకూడదని ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ నిబంధన పెట్టింది ఊరికేనా.

తార్నాక ట్రాక్
మంగళవారం, సాయంత్రం 5:30

అవును సార్, ఏప్రిల్‌లో దాతలు ఒకరు కొనిచ్చారు. 17:10 పాత స్పైక్స్‌తో, 16:48 కొత్తవాటితో. మందం నిబంధనలోనే ఉంది, చూసుకున్నాను.

శ్వాసలెక్క
మంగళవారం, సాయంత్రం 6:02

మాస్టారూ, ఒప్పుకుంటున్నాను, ఆ 184లో బూట్ల వాటా కూడా ఉంటుంది. ఎంత అన్నది ఈ లెక్కతో విడదీయలేం. కానీ అప్పుడు మీ స్టాప్‌వాచీ కూడా మొత్తం నిజం చెప్పలేదు కదా? అది అమ్మాయినీ బూట్లనూ కలిపి కొలిచింది.

పాత ఐదువేలు
మంగళవారం, సాయంత్రం 6:15

ఈ దెబ్బకు నా దగ్గర జవాబు లేదు.

సికింద్రాబాద్ వైద్యుడు
మంగళవారం, రాత్రి 9:50

ఇంతవరకు ఎవరూ రక్తం సంగతి ఎత్తలేదు, ఆశ్చర్యంగా ఉంది. వీవో2 మ్యాక్స్ అంటే గుండె నిమిషానికి తోసే రక్తాన్ని, ధమనుల్లో సిరల్లో ఉన్న ఆక్సిజన్ తేడాతో గుణించడమే. ఫిక్ సూత్రం. మేటి క్రీడాకారుల్లో ఊపిరితిత్తులూ కండరాలూ చాలా వరకు తమ పని చేస్తాయి, ఎక్కువగా అడ్డుపడేది గుండె తోసే రక్తం పరిమాణం, ఆ రక్తం మోసే ఆక్సిజన్. ఒక గ్రాము హెమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. హెమోగ్లోబిన్ 13 నుంచి 11.5కి పడితే ఏ యంత్రమూ అక్కర్లేకుండానే ఆ అమ్మాయి నెమ్మదిస్తుంది.

మన దగ్గర ఈ వయసు అమ్మాయిల్లో ఇనుము లోపం ఎంత సాధారణమో తెలిసిందే. దానికి తోడు రోజూ పరుగు, నెలసరి, హాస్టల్ భోజనం, భోజనం కాగానే టీ. టీ ఇనుమును పేగులో పీల్చుకోనివ్వదు. హెమోగ్లోబిన్ మాత్రమే చూసి ఊరుకోవద్దు, ఒంట్లో ఇనుము నిల్వలను చూపే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించండి. హెమోగ్లోబిన్ బాగానే ఉండి నిల్వలు అడుగంటిన పిల్లలను చాలా మందిని చూస్తుంటాం. మాత్రలు మాత్రం రిపోర్టు చూశాక వైద్యులు చెబితేనే. ఇనుము ఎక్కువైనా ప్రమాదమే.

బరువు రెండు కిలోలు పెరిగినందుకు మీరు సంజాయిషీ చెప్పుకోవలసిన పని లేదు. 47 కిలోల దగ్గర నెలసరి క్రమంగా వచ్చేదా అని అడిగారా? ఆ ప్రశ్న మీరు కాకపోయినా ఒక మహిళా వైద్యురాలు అడగాలి. కిలోకు ఇంత అన్న సంఖ్యను పెంచడానికి తేలికైన దారి బరువు తగ్గించడం. ఎముకలు విరిగిన పరుగు పిల్లలు మా దగ్గరికి వచ్చేది ఆ దారినే.

అనుమానపక్షి
బుధవారం, ఉదయం 7:35

మొత్తం చదివాను. నా ప్రశ్న వేరు. పీడనం తప్పు దిద్దారు, బాగుంది. కానీ దిద్దిన తరువాత కూడా ఈ సంఖ్య దేనికి? నార్వే సైక్లిస్టు ఆస్కార్ స్వెండ్‌సెన్‌కు 2012లో 18 ఏళ్ల వయసులో 96.7 వచ్చింది, నమోదైనవాటిలో అత్యధికమని చాలాకాలం చెప్పేవారు. ఆ ఏడాది జూనియర్ ప్రపంచ టైమ్ ట్రయల్ గెలిచాడు. రెండేళ్లకే ఆట వదిలేశాడు. ఇటు ఆస్ట్రేలియా మారథానర్ డెరెక్ క్లేటన్‌కు 70 కూడా లేదు, 1969లో 2:08:33తో ప్రపంచ రికార్డు పెట్టాడు. 96 ఉన్నవాడు ఇంటికి, 70 లేనివాడు చరిత్రకు. ఇక ఈ పరీక్షకు డబ్బు ఎందుకు?

శ్వాసలెక్క
బుధవారం, ఉదయం 9:10

ఇద్దరి పేర్లు చెప్పి ఒక కొలతను కొట్టిపారేయడం సులువు. క్లేటన్‌కు 70 దగ్గర ఉంది, 50 కాదు. నగరంలో రోజూ పరుగెత్తే మామూలు యువకులను కొలిస్తే అత్యధికులు 60 కూడా దాటరు. రెండు గంటల మారథాన్ ప్రయత్నం కోసం ఎంపిక చేయడానికి 16 మంది ప్రపంచస్థాయి పరుగువీరులను పరీక్షించిన ఫలితాలు 2021లో ప్రచురించారు. వారి సగటు 71. గంటకు 21.1 కిలోమీటర్ల వేగాన్ని నిలబెట్టాలంటే కిలోకు నిమిషానికి 67 మిల్లీలీటర్లు కావాలని అందులోనే లెక్క తేలింది. గరిష్ఠం 60 ఉన్నవాడు ఎంత పొదుపుగా పరుగెత్తినా అక్కడికి చేరలేడు.

అంటే ఇది గుమ్మం. గుమ్మం దాటినవారిలో ఎవరు గెలుస్తారో గుమ్మం చెప్పదు. అందరూ 70, 75 మధ్య ఉన్న గుంపులో ఈ సంఖ్యకూ స్థానానికీ సంబంధం కనిపించకపోవడంలో వింత లేదు. అదే పాఠశాల పిల్లల నుంచి ఒలింపియన్ల దాకా అందరినీ ఒక గీత మీద పెట్టండి, సంబంధం స్పష్టంగా కనిపిస్తుంది.

గుమ్మం లోపల తేల్చేవి వేరే. ఆ గరిష్ఠంలో ఎంత శాతాన్ని ఎంతసేపు పట్టుకోగలరు, దాన్నే లాక్టేట్ (కఠిన శ్రమలో రక్తంలో పెరిగే పదార్థం) పరీక్షతో చూస్తాం. ఒక్కో కిలోమీటరుకు ఎంత ఖర్చు. ఈ మూడింటినీ పెట్టి అమెరికా శాస్త్రవేత్త మైకేల్ జాయ్నర్ 1991లోనే మనిషి మారథాన్‌ను 1:57:58కి పరుగెత్తగలడని లెక్కకట్టాడు. అప్పుడు నవ్వినవారు ఉన్నారు. 2019లో వియన్నాలో కెన్యా పరుగువీరుడు కిప్‌చోగే 1:59:40 పరుగెత్తాక ఎవరూ నవ్వడం లేదు, అది అధికారిక రికార్డు కాకపోయినా. ఈ మధ్య నాలుగోది కూడా చేర్చారు: రెండు గంటలు పరుగెత్తాక ఈ మూడూ ఎంత మిగిలి ఉంటాయి? ప్రయోగశాలలో తాజాగా వచ్చి కొలిపించుకునే సంఖ్యకు అది తెలియదు.

పాత ఐదువేలు
బుధవారం, ఉదయం 9:48

బావి ఎంత లోతన్నది ఒక ప్రశ్న, చేద ఎంత నిండుగా వస్తోందన్నది మరో ప్రశ్న. శ్వాసలెక్క గారు చెప్పేది అదే అనుకుంటాను. కానీ సాయం చేసే సంస్థలకు బావి లోతు చెప్పే ఒక్క సంఖ్యే కావాలి, ఎందుకంటే ఒక్క సంఖ్యను పట్టికలో పెట్టుకోవచ్చు. ఆ జబ్బుకు మీ దగ్గర మందు లేదు.

అనుమానపక్షి
బుధవారం, ఉదయం 10:30

గుమ్మం మాట ఒప్పుకుంటాను. కానీ 18 ఏళ్ల పిల్లకు గుమ్మం ఎక్కడుందో ఇప్పుడే ఎలా తెలుస్తుంది? శిక్షణతో ఇది ఎంత పెరుగుతుందన్నది మనిషిని బట్టి మారుతుంది కదా. 1999లో ప్రచురితమైన హెరిటేజ్ అధ్యయనంలో అందరికీ ఒకే 20 వారాల శిక్షణ ఇస్తే సగటున నిమిషానికి 400 మిల్లీలీటర్ల దాకా పెరిగింది, కొందరికి దాదాపు ఏమీ పెరగలేదు, కొందరికి లీటరు పెరిగింది. కుటుంబాల్లో ఆ పోలిక కనిపించింది కూడా. మరి నేటి 57ను చూసి రేపటిని ఎలా చెబుతారు?

శ్వాసలెక్క
బుధవారం, ఉదయం 10:55

చెప్పను. చెప్పకూడదనే అంటున్నాను. ఆ అధ్యయనంలోవారు అంతకుముందు వ్యాయామం లేనివారని మాత్రం గుర్తుంచుకోండి. ఏళ్లుగా పరుగెత్తుతున్న పిల్లల్లో పెరుగుదల అంత ఉండదు. ఎంపికకు ఈ ఒక్క పరీక్ష వాడటం నాకు నచ్చదు. ఏడాది పాటు ఒకే చోట, ఒకే పద్ధతిలో చేసిన వరుస పరీక్షలు శిక్షణ ఎటు పోతోందో చెబుతాయి, ఆ పనికి దీన్ని మించింది నాకు తెలియదు.

సైకిల్ మణికొండ
బుధవారం, మధ్యాహ్నం 12:20

ఖర్చు తగ్గించుకోవాలంటే కూపర్ పరీక్ష ఉండనే ఉంది. 12 నిమిషాలు ట్రాక్ మీద పరుగు, దూరం మీటర్లలో తీసుకుని 504.9 తీసేసి 44.73తో భాగించడమే. 3200 మీటర్లు వెళితే 60 వస్తుంది. ఒక విజిల్ చాలు.

శ్వాసలెక్క
బుధవారం, మధ్యాహ్నం 12:41

బడిలో అరవై మంది పిల్లలను వడపోయడానికి బాగుంటుంది. ఈ అమ్మాయి విషయంలో అది ఏమీ చెప్పదు. 1968లో ఆ సూత్రం తయారైంది వైమానిక దళం సైనికుల మీద. ఎకానమీ అందరికీ ఒకటే అన్నట్టు అది లెక్కవేస్తుంది. మనం వెతుకుతున్నదే ఆ తేడా.

తార్నాక ట్రాక్
గురువారం, రాత్రి 8:25

అందరికీ చెప్పవలసిన కబురు. మొదటి ప్రయోగశాలకు ఫోను చేశాను. ముందు కస్సుబుస్సుమన్నారు, శ్వాసలెక్క గారి లెక్క పంపాక వారి సాంకేతిక నిపుణుడు స్వయంగా ఫోను చేశారు. పరీక్ష ముడి వివరాలు వారి కంప్యూటర్‌లో ఉన్నాయట. సరైన పీడనంతో మళ్లీ లెక్కించి కొత్త రిపోర్టు ఇస్తామన్నారు. ఆ వారంలో చేసిన మిగతావారి సంగతి ఏమిటని అడిగితే "చూస్తాం" అన్నారు.

సంస్థవారికి లీటర్ల లెక్క, టైమింగ్ రెండూ పెట్టి రాశాను. జవాబు రాలేదు. ఫెరిటిన్‌కు రేపు ఉదయం రక్తం ఇస్తుంది. డాక్టర్ గారూ, టీ ఇప్పటికే మాన్పించాను, అంత తేలిగ్గా మానలేదు.

జనవరిలో మళ్లీ పరీక్ష చేయించాలి. ఈసారి ఎలా చేయించమంటారు?

శ్వాసలెక్క
గురువారం, రాత్రి 9:30

జూలైలో చేసిన చోటే చేయించండి. వేరే యంత్రం మీద వచ్చే రెండు మూడు శాతం తేడాను మీరు శిక్షణ ఖాతాలో వేసుకోకూడదు. అదే యంత్రం మీద కూడా అదే మనిషికి రోజుకు రోజు ఆ మాత్రం తేడా ఉంటుంది.

ముందు రోజు కఠిన శిక్షణ వద్దు, ఆ ఉదయం కాఫీ టీలు వద్దు. వెళ్లగానే గది పీడనం ఎంత చూపిస్తోందో అడగండి, 940, 960 మధ్య లేకపోతే పరీక్ష మొదలుపెట్టనివ్వకండి. 16 శాతం ఆక్సిజన్, 4 లేదా 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న సిలిండర్‌తో, మూడు లీటర్ల సిరంజితో యంత్రాన్ని ఆ రోజు సరిచూశారా అని కూడా అడగండి. సంకోచించకండి, బాగా పనిచేసే చోట ఆ ప్రశ్నకు సంతోషిస్తారు.

నేరుగా గరిష్ఠానికి తీసుకెళ్లవద్దని చెప్పండి. ట్రెడ్‌మిల్‌ను ఒక శాతం వాలుకు పెట్టి గంటకు 13, 14, 15, 16 కిలోమీటర్ల వేగాల్లో నాలుగేసి నిమిషాలు పరుగెత్తించి, ఒక్కో మెట్టు తరువాత చెవి తమ్మె నుంచి లాక్టేట్ చుక్క తీయాలి. ఎకానమీ అక్కడే దొరుకుతుంది, నేను పోటీ టైమింగ్ నుంచి ఊహించవలసిన పని ఉండదు. పావుగంట విశ్రాంతి, ఆ తరువాత గరిష్ఠ పరీక్ష. మళ్లీ పది పదిహేను నిమిషాలు నడిచాక, చేరిన ఆఖరి వేగం కంటే కొంచెం ఎక్కువలో ఒక చిన్న పరుగు. రెండిట్లోనూ ఆక్సిజన్ ఒకే చోట ఆగితే అది నిజంగా గరిష్ఠమే. 1923లో బ్రిటన్ శాస్త్రవేత్త ఏ.వి. హిల్ వదిలిన ఊపిరిని పట్టే సంచిని వీపున కట్టుకుని గడ్డి మీద పరుగెత్తిన నాటి నుంచీ గొడవ అదే: ఆగింది మనిషా, ఆక్సిజనా? చాలామందికి ఒక్క పరీక్షలో ఆ సమతలం కనిపించదు, అందుకే రెండో పరుగు.

రిపోర్టులో లీటర్లు, కిలోకు మిల్లీలీటర్లు రెండూ ఇవ్వమనండి. ఆ రోజు బరువు అక్కడే తూచమనండి. జూలైలో ఏ బూట్లతో పరుగెత్తిందో అవే తీసుకెళ్లండి.

తార్నాక ట్రాక్
గురువారం, రాత్రి 9:44

జూలై జత ఇప్పటికే అరిగిపోయింది, జనవరి దాకా నిలవదు.

శ్వాసలెక్క
గురువారం, రాత్రి 9:50

అదే మోడల్, అదే సైజు కొత్తది తీసుకుని రెండు వారాలు తొడిగించి తీసుకురండి. మోడల్ పేరు, ఒక్కో బూటు బరువు రిపోర్టులో రాయించండి. లేకపోతే వచ్చే ఏడాది పాత ఐదువేలు గారు మళ్లీ అదే ప్రశ్న అడుగుతారు.

పాత ఐదువేలు
గురువారం, రాత్రి 10:02

తప్పకుండా అడుగుతాను.